ఎడమది వచ్చే శనివారం

వీరాంజనేయులు గారు ఏ కారుకైనా ఒక్క హెడ్‌లైట్ మాత్రమే శుభ్రం చేసేవారు. రెండోది వచ్చే శనివారం చేస్తాననేవారు.

ఆయన చేతిలో పడిన హెడ్‌లైట్ మళ్ళీ పుట్టినట్టు ఉండేది. పదేళ్ళ ఎండకి పసుపెక్కి, మసకబారి, లోపల బల్బు ఉందో లేదో తెలియకుండా పోయిన ప్లాస్టిక్ గంట తిరిగేసరికి ఆగిన నీటిలా తేటపడేది. ఆ విద్య మీద ఎవరికీ అనుమానం లేదు. కానీ రెండోది అలాగే ఉండిపోయేది. పార్సిప్పనీలో మా అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్ పార్కింగ్‌లోకి కొత్తగా వచ్చినవాళ్ళకి ఒక వింత కనిపించేది. వరసగా నిలబడిన పాత కామ్రీలు, కరోలాలు, అకార్డులు, అన్నీ ఒక కన్ను తెరిచి ఒక కన్ను ఇంకా నిద్రలో ఉంచుకున్నట్టు. పిజ్జా తెచ్చిన మనిషి ఒకసారి నన్ను పక్కకి పిలిచి ఇదేమైనా మతాచారమా అని మర్యాదగా అడిగాడు. ఒక రకంగా అవునని చెప్పాను.

మా కార్లన్నీ చేతులు మారినవే. ఒకరికి ప్రాజెక్ట్ టెక్సాస్‌లో వస్తే ఆ కారు ఇంకొకరు కొనేవారు. ఇంజిన్ బాగుండేది, ఏసీ ఉండేది కాదు. డాష్‌బోర్డ్ మీద వినాయకుడు కారుతో పాటే వచ్చేవాడు, ఎందుకంటే మొదటి యజమాని వాడిన జిగురు అంత గట్టిది. హెడ్‌లైట్లు మాత్రం ఎవరికీ పట్టేవి కావు. కొనేటప్పుడు టైర్లు తన్ని చూసేవాళ్ళం, హారన్ కొట్టి చూసేవాళ్ళం. పగటిపూట కొనే కారుకి వెలుతురు సంగతి ఎవరికి గుర్తొస్తుంది.

నేను ఆయన్ని మొదటిసారి చూసింది 2006 ఏప్రిల్‌లో. బియ్యం బస్తా భుజాన వేసుకుని లోపల పెట్టి వచ్చేసరికి, యాభై దాటిన ఒక మనిషి నా కారు ముందు గొంతుక్కూర్చుని, కుడి హెడ్‌లైట్ మీద బొటనవేలు ఆనించి ఉన్నారు. జ్వరం చూస్తున్నట్టుగా.

"ఈ కారు మీదేనాండీ?" అని అడిగారు.

"అవునండీ. ఏమైంది?"

"ఎండ తాగింది," అన్నారు.

నా పేరు రఘువీర్ అని, 14బీలోకి వారం కిందట వచ్చానని చెప్పాను. ఆయన తల ఊపారు కానీ నా మొహం వైపు చూడలేదు. హెడ్‌లైట్‌కే వివరం చెప్పడం మొదలుపెట్టారు. ఇది గాజు కాదండీ, ప్లాస్టిక్. దీని మీద కంపెనీవాడు ఒక పలచని పూత పూస్తాడు. ఏడెనిమిదేళ్ళకి ఎండ ఆ పూతని తినేస్తుంది. ఆ తర్వాత ప్లాస్టిక్ ఒంటరిగా ఎండకి ఎదురు నిలబడాలి. పాపం, ఎంతకాలమని నిలబడుతుంది.

ఆ శనివారమే బకెట్‌తో దిగారు. ఆయన పద్ధతికి ఒక్కటే షరతు. కారు యజమాని పక్కన నిలబడి, నీళ్ళ స్ప్రే బాటిల్ పట్టుకుని, ఆయన చెప్పినప్పుడల్లా చల్లుతూ ఉండాలి. యజమాని లేకుండా ఉప్పుకాగితం ముట్టేవారు కాదు. ముందు సబ్బునీళ్ళతో కడిగి, చుట్టూ రంగు గీసుకుపోకుండా టేపు అంటించేవారు. తర్వాత ఎనిమిది వందల నంబరు కాగితం, ఆ తర్వాత వెయ్యి, రెండు వేలు, చివరికి ముట్టుకుంటే పట్టులా ఉండే మూడు వేలు. నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. చివర మెరుపు పేస్టు రాసి గుడ్డతో రుద్ది, ఎండని ఆపే కొత్త పూత పూసి ఆరనిచ్చేవారు.

ఆ మొదటి కాగితం దగ్గరే అందరి గుండె జారేది. రుద్దడం మొదలైన రెండు నిమిషాలకి పసుపు నీళ్ళై కారిపోతుంది, కానీ హెడ్‌లైట్ తేటపడదు. తెల్లగా, పాలు పోసినట్టు, మునుపటి కంటే గుడ్డిగా అయిపోతుంది. ఉన్నది కూడా పోయిందని నేను కంగారుపడి చెప్పాను. ఆయన రుద్దడం ఆపకుండా, ఇప్పుడు భయపడితే ఇలాగే ఉండిపోతుందండీ, నీళ్ళు చల్లండి అన్నారు.

గంట తర్వాత కుడి హెడ్‌లైట్‌లో ఆకాశం కనిపించింది. నేను ఎడమ వైపు జరిగి నిలబడి, బాటిల్ సిద్ధంగా పట్టుకున్నాను. ఆయన అప్పటికే టేపు చుట్టి జేబులో పెట్టుకుంటున్నారు.

"మరి ఇది?"

"వచ్చే శనివారం," అన్నారు.

ఆ వచ్చే శనివారం నాకు మూడేళ్ళు రాలేదు. రాలేదంటే, శనివారాలు వచ్చాయి, ఆయనా వచ్చారు. ఎడమ హెడ్‌లైట్ ముందు గొంతుక్కూర్చునేవారు, బొటనవేలు ఆనించేవారు, తల అడ్డంగా ఊపేవారు. ఒక వారం గాలిలో తేమ. ఒక వారం మోచెయ్యి. ఒక వారం, మొదటి హెడ్‌లైట్ మీద పూత ఎలా నిలబడుతుందో ఇంకొంచెం చూసి చేద్దామన్నారు. ఇంకేమీ దొరకని ఒక వారం, రెండూ వెంటవెంటనే చేస్తే కారు కంగారు పడుతుందన్నారు. ఆయన ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో ఇరవై ఏళ్ళుగా పాత మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటర్ ప్రోగ్రాములు కాపాడుతున్న మనిషి. యంత్రాలకి కంగారు ఉండదని ఆయనకి చెప్పే అర్హత నాకు లేదు.

అబద్ధం ఆడినప్పుడల్లా ఆయన చెవులు ఎర్రబడేవి. ఆ తర్వాత ఎలాగూ వచ్చాను కదా అన్నట్టు, మా ఇంట్లో ఒక గంట కూర్చుని టీ తాగి వెళ్ళేవారు.

ఒక ఆదివారం నాకు ఓపిక నశించింది. టూత్‌పేస్ట్‌తో రుద్దితే హెడ్‌లైట్ మెరుస్తుందని ఇంటర్నెట్‌లో చదివి, కారుని చెత్త డబ్బాల వెనక్కి తీసుకెళ్ళి, దొంగతనంగా అరట్యూబు పేస్టు ఎడమదానికి పట్టించాను. కొంచెం మెరిసింది కూడా. మర్నాడు ఆయన ఆఫీసుకి వెళ్తూ నా కారు ముందు ఆగారు. వంగి వాసన చూశారు.

"పుదీనా," అన్నారు. అంతే. వెళ్ళిపోయారు.

రెండు శనివారాలు మా ఇంటికి రాలేదు. నెల తిరక్కముందే పసుపు మళ్ళీ వచ్చింది, మునుపటి కంటే ముదురుగా. పూత లేకుండా రుద్దితే అలాగే వస్తుందట. మూడో శనివారం తలుపు తీస్తే ఆయన నిలబడి ఉన్నారు. నా మొహం వైపు కాకుండా గుమ్మం వైపు చూస్తూ, మీ పళ్ళు బాగున్నాయా అని అడిగారు. లోపలికి రమ్మన్నాను.

ఆయన భార్య ధనమ్మ గారికి ఈ వ్యవహారం మీద నిలకడైన అభిప్రాయం ఉండేది. ఎదురుగా కూర్చుని అన్నం తింటూ, ఆమె కొత్త కళ్ళజోడు పెట్టుకున్న సంగతి ఆయనకి నాలుగు రోజులు తెలియలేదట. కానీ హైవే మీద అవతలి వరసలో అరవై మైళ్ళ వేగంతో వచ్చే కారుకి కుడివైపు మసక ఉంటే మాత్రం అన్నం తింటున్నంత తీరిగ్గా కనిపెట్టేవారట. పెళ్ళిచూపులనాడు కూడా వీళ్ళ మేనమామ వెనక నుంచి తోస్తే లోపలికి వచ్చారు, అదే బయట ఏదైనా మోటారు సైకిలు ఆగి ఉంటే ఈ పెళ్ళి జరిగేది కాదు అనేవారు ధనమ్మ గారు.

ఎడిసన్‌లో జరిగిన సంగతి ఆవిడే చెప్పారు. ఓక్ ట్రీ రోడ్ మీద కూరల దుకాణంలో గోంగూర కట్టలు ఏరుకుని బయటికి వచ్చేసరికి, ఈయన ఎవరిదో వ్యాన్ ముందు కూర్చుని ఉన్నారట. డిక్కీలో సరంజామా ఎప్పుడూ ఉండేది. యజమాని పక్కన ఉండాలన్న షరతు ఆ ఒక్కరోజే తప్పిందట. ఆ వ్యాన్ ఒక గుజరాతీ పెద్దాయనది. ఆయన మిఠాయి పెట్టెలతో బయటికి వచ్చి చూస్తే, తన ప్రమేయం లేకుండా ఒక హెడ్‌లైట్ తళతళలాడుతోంది, ఇంకొకటి ఎప్పటిలాగే ఉంది. చేస్తే రెండూ చెయ్యాలి, లేకపోతే ముట్టుకోకూడదని ఆయన గొడవపెట్టుకున్నాడు. వీరాంజనేయులు గారు చెవులు ఎర్రబరుచుకుని, ఒక చీటీ మీద మా కాంప్లెక్స్ చిరునామా రాసిచ్చి, వచ్చే శనివారం తీసుకురండి అన్నారు. నిజంగానే ముప్ఫై మైళ్ళు నడుపుకుంటూ వచ్చాడాయన, చేతిలో ఢోక్లా డబ్బాతో. ఆ వారం తేమ ఎక్కువగా ఉంది. పై వారం కూడా వచ్చాడు. భార్య పోయి ఏడాది అయిందని, పిల్లలు కాలిఫోర్నియాలో ఉన్నారని, ఆయన రెండో వారమో మూడో వారమో, ఈయన కుడిదాన్నే మళ్ళీ కడుగుతుంటే నీళ్ళు చల్లుతూ చెప్పాడట. ఆ వ్యాన్‌కి ఎడమది ఇప్పటికీ కాలేదు. ధనమ్మ గారికి ఢోక్లా చెయ్యడం వచ్చింది.

నీళ్ళు చల్లుతూ మనుషులు మాట్లాడేవారు. అదొకటి నేను చాలా కాలం గమనించలేదు. మా కాంప్లెక్స్‌లో ఇద్దరు కలిస్తే మొదటి ప్రశ్న ఏ వీసా స్టేటస్ అని, రెండోది ఏ ప్రాజెక్ట్ అని, మూడోది ఎప్పటివరకు అని. వీరాంజనేయులు గారు ఆ మూడు ప్రశ్నలూ ఎవరినీ ఎప్పుడూ అడగలేదు. ఆయన అసలు ఏమీ అడిగేవారు కాదు. చూపు హెడ్‌లైట్ మీద, చెయ్యి గుండ్రంగా తిరుగుతూ, మధ్యమధ్య నీళ్ళండీ అనడం. మన మొహం చూడని మనిషి దగ్గర నోరు దానంతట అదే తెరుచుకుంటుంది. బకెట్‌లోకి జారే పసుపు నీళ్ళతో పాటు ఏవేవో జారేవి. నేను అక్క పెళ్ళికి వెళ్ళలేకపోయిన సంగతి మొదటిసారి చెప్పింది ఆయనకే, వెయ్యి నంబరు కాగితం దగ్గర.

2009 మార్చి మొదట్లో, ఆ ఏటి ఆఖరి మంచు పడింది. మర్నాటికి అందరూ కార్లు దులుపుకుని పనులకి పోయారు. పార్కింగ్ నిండా తెల్లటి నేల మీద కార్లు ఉన్నంత మేర నల్లటి చదరాలు మిగిలాయి. ఒక్క చోట మాత్రం చదరం లేదు, కారే ఉంది, మంచు కింద. నాలుగో రోజుకి కూడా అలాగే ఉంది. వీరాంజనేయులు గారు బాల్కనీలో నిలబడి దాన్నే చూస్తుంటే, ఎవరిదండీ అని అడిగాను.

"9ఏలో అమ్మాయిది. బయటికి వెళ్ళే పని లేదు ఆ కారుకి," అన్నారు.

ఆ అమ్మాయి కావ్యశ్రీ. వరంగల్ నుంచి వచ్చి, డిసెంబర్‌లో ఎమ్మెస్ పూర్తి చేసి, ఇంకో ఇద్దరితో కలిసి గది అద్దెకి తీసుకుంది. ఆ ఏడు ఉద్యోగాలు ఎలా ఉన్నాయో చెప్పక్కర్లేదు. కాంప్లెక్స్‌లో సగం మంది లాప్‌టాప్‌ల ముందు పైజమాలతోనే కూర్చుని ఉండేవారు. కావ్యశ్రీ ఎవరితోనూ పెద్దగా మాట్లాడేది కాదు. పన్నెండేళ్ళ కరోలా, ముందు ఒక సీనియర్‌ది, అంతకుముందు ఆ సీనియర్ సీనియర్‌ది. మంచు కరిగి కొంచెం వెచ్చబడిన శనివారం, ఆయన బకెట్‌తో వెళ్ళి 9ఏ తలుపు తట్టారు. కుడిది పూర్తయింది. ఎడమది వచ్చే శనివారం. ఆ వచ్చే శనివారం వాన పడింది. అయినా తడుస్తూ వెళ్ళి, వాన పడుతోంది కాబట్టి ఇవాళ కుదరదని చెప్పి వచ్చారు. ఆ మాట చెప్పడానికి గంటంబావు పట్టింది. వస్తూ వస్తూ, ఆ ఇంట్లో పప్పు లేదు అని ధనమ్మ గారికి చెప్పారట.

ఏప్రిల్ మొదటి ఆదివారం మధ్యాహ్నం కావ్యశ్రీ తనే పార్కింగ్‌లోకి వచ్చింది. మేమిద్దరం నా కారు ఎడమ హెడ్‌లైట్‌కి ఆ వారం ఎందుకు కుదరదో చర్చిస్తున్నాం.

"అంకుల్, రెండోది ఇయ్యాలనే చేస్తరా?" అని అడిగింది.

ఆయన ఆకాశం వైపు చూశారు. సాయంత్రానికి మబ్బు పట్టేలా ఉందమ్మా, పూత ఆరదు, వచ్చే శనివారం నిశ్చింతగా చేద్దామన్నారు. చెవులు ఎర్రబడ్డాయి.

"రేపు పొద్దున ఎనిమిదిన్నరకి హారిస్‌బర్గ్‌లో ఇంటర్వ్యూ ఉంది అంకుల్. అయిదింటికే బయల్దేరాలె. చీకట్ల ఒక్క లైట్‌తోని రోడ్డు కనిపిస్తలేదు. మొన్న ఒకసారి లైన్ దాటిన, పక్కనుంచి ట్రక్కు హారన్ కొట్టేదాంక తెల్వలేదు. డెబ్బై ఐదు రోజులైంది. ఇంక పదిహేనే ఉన్నయి."

ఆ లెక్క మాకిద్దరికీ తెలుసు. చదువు అయ్యాక ఉద్యోగం లేకుండా తొంభై రోజులే ఉండనిస్తారు. తొంభై దాటితే పెట్టె సర్దుకోవాలి. ఆ అంకె ఆమె అప్పటివరకు గదిలో వాళ్ళకి కూడా చెప్పలేదని తర్వాత తెలిసింది. వీరాంజనేయులు గారు మెల్లగా లేచి, కాగితాలు తెస్తాను అని ఇంట్లోకి వెళ్ళారు.

పావుగంటైనా రాలేదు. కావ్యశ్రీని కారు దగ్గర ఉంచి నేను పైకి వెళ్ళాను. బాత్‌రూమ్ తలుపు వేసి ఉంది. ధనమ్మ గారు వంటింట్లో మినప్పప్పు కడుగుతున్నారు. లోపలే ఉన్నారు, కాగితాలు నానబెడుతున్నారట, వాటికేం రాజ్మా గింజలా నానడానికి అన్నారు. ఫ్రిజ్ మీద కూరల దుకాణంవాళ్ళు ఊరికే ఇచ్చిన తెలుగు క్యాలెండర్ ఉంది. శనివారాల గడుల్లో, తిథుల పక్కన, ఆయన చిన్న చిన్న అక్షరాలు. 9ఏ ఎడమ. 3సీ ఎడమ. ఎడిసన్ వ్యాన్ ఎడమ. 14బీ ఎడమ. కొన్ని కొట్టేసి ఉన్నాయి. 22డీ కొట్టేసిన చోట పక్కనే పెళ్ళి అని ఉంది. 5ఏ కొట్టేసిన చోట, వాళ్ళమ్మ వచ్చింది అని.

నేను అది చదువుతుంటే ధనమ్మ గారు నీళ్ళు ఆపేశారు.

మునుపు ఈయన రెండూ ఒకేసారి చేసేవారు రఘూ, గంటన్నరలో, అని మొదలుపెట్టారు. 2002లో ఎదురింట్లో సాయి తేజ అని ఒకతను ఉండేవాడు. ఒక శనివారం అతని కారుకి రెండు హెడ్‌లైట్లూ చేసిచ్చారు. కాంప్లెక్స్ అంతా వచ్చి చూశారు. ఆ తర్వాత ఆ తలుపు కొట్టడానికి ఈయనకి పని లేకపోయింది. పని లేకుండా ఒకరి తలుపు కొట్టడం ఈయన వల్ల కాదు. అతనికి ప్రాజెక్ట్ పోయి నాలుగు నెలలైందని ఎవరికీ తెలియదు. రోజూ పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని కిందకి దిగి, కార్లో ఒక గంట కూర్చుని, మళ్ళీ పైకి వచ్చేసేవాడు. ధనమ్మ గారు కిటికీలోంచి చూసి, ఫోన్లో మాట్లాడుకుంటున్నాడనుకునేవారు. ఒకరోజు తాళాలు వీళ్ళ మెయిల్‌బాక్స్‌లో వేసి ఇండియా వెళ్ళిపోయాడు. కారు మూడు నెలలు అక్కడే ఉంది. ఈయన ఆఫీసుకి వెళ్ళాలంటే దాని ముందు నుంచే వెళ్ళాలి. రెండు హెడ్‌లైట్లూ తళతళలాడుతూ ఉండేవి.

"ఇప్పుడు హైదరాబాద్‌లో బ్రహ్మాండంగా ఉన్నాడు. ఇద్దరు పిల్లలు. ఫొటో కూడా చూపించా. ఆ అబ్బాయికి తగ్గింది కానీ ఈయనకి తగ్గలేదు."

నేను క్యాలెండర్ వైపే చూస్తూ, నాది మూడేళ్ళయింది ఆంటీ అన్నాను.

"నువ్వు ఒక్కడివే ఉంటావు కదా," అన్నారు ఆవిడ, అది అందరికీ తెలిసిన విషయమే అన్నట్టు. తర్వాత చెయ్యి తుడుచుకుని బాత్‌రూమ్ తలుపు దగ్గరికి వెళ్ళారు.

"ఏవండీ. ఆ పిల్లకి వెలుతురు కావాలి. మీకు తలుపు కొట్టడానికి సాకు కావాలి. ముందు ఏది?"

లోపల కుళాయి ఆగింది. కాసేపటికి ఆయన బయటికి వచ్చారు, చేతిలో గిన్నె, గిన్నెలో కాగితాలు. మా ఇద్దరి వైపూ చూడకుండా మెట్లు దిగారు.

ఎడమ హెడ్‌లైట్ ముందు ఆయన గొంతుక్కూర్చున్నారు. టేపు రెండుసార్లు వంకరగా అంటుకుంది. కావ్యశ్రీ నీళ్ళు చల్లింది. ఎనిమిది వందలు. పసుపు కారి, పాలతెలుపు వచ్చింది. ఆమె కూడా అందరిలాగే బెదిరి, పాడైందా అంకుల్ అంది. లేదమ్మా, ఇది దాటాలి అన్నారు. వెయ్యి. రెండు వేలు. ఆమె ఏవో చెప్తోంది, నేను దూరంగా జరిగాను. మూడు వేలు దగ్గరకి వచ్చేసరికి ఇద్దరూ మాట్లాడటం లేదు, చెయ్యి తిరుగుతున్న చప్పుడొక్కటే, ఎవరో చాలా దూరంలో వాకిలి ఊడుస్తున్నట్టు.

పూత పూసేసరికి నిజంగానే మబ్బు పట్టింది. ఆయన చెప్పిన సాకుల్లో నిజమైనది అదొక్కటే. రెండు గంటలు తడవకూడదు. ధనమ్మ గారు గొడుగు తెచ్చి హెడ్‌లైట్ మీద పట్టారు. ఆవిడ చెయ్యి నొప్పిపుడితే నేను, నా తర్వాత కావ్యశ్రీ. సన్నటి జల్లులో, మనుషులందరూ తడుస్తూ, ఒక కరోలాకి గొడుగు పట్టుకుని నిలబడ్డాం. 3సీ ఆయన కుక్కతో అటువైపు వచ్చి, రెండు హెడ్‌లైట్లూ తేటగా ఉండటం చూసి ఆగిపోయాడు. గ్రీన్ కార్డ్ వచ్చిందా అని ఆ అమ్మాయిని మెల్లగా అడిగాడు.

సోమవారం అయిదింటికి ఆమె వెళ్ళడం వీరాంజనేయులు గారు బాల్కనీలోంచి చూశారు. రెండు కాంతులు తడి రోడ్డు మీద సమానంగా పడి మలుపు తిరిగాయని సాయంత్రం నాతో చెప్పారు. ఆ తర్వాత మొదలైంది అసలు కష్టం. కారు తిరిగొచ్చింది. ఇంటర్వ్యూ ఏమైందో తెలియదు. తలుపు కొట్టడానికి పని లేదు.

మంగళవారం ఆయన 9ఏ ముందు నుంచి చెత్త పారెయ్యడానికి మూడుసార్లు వెళ్ళారు. ధనమ్మ గారు మూడోసారి ఖాళీ సంచీ ఇచ్చి పంపారట. బుధవారం నా దగ్గరికి వచ్చి, హెడ్‌లైట్ల మీద పురుగుల మరకలున్నాయి, అంటే హైవే మీద బాగానే నడిచింది అని చెప్పారు. గురువారం ఫోన్ చేశారు.

"రఘువీర్ గారూ, మన టేపు చుట్ట ఆ అమ్మాయి దగ్గర ఏమైనా ఉండిపోయిందంటారా?"

"లేదండీ. మీ జేబులోనే ఉంటుంది, చూసుకోండి."

జేబు తడుముకుంటున్న చప్పుడు. "ఉంది," అన్నారు, చాలా దిగులుగా.

మీ బదులు నేను అడిగి రానా అన్నాను. వద్దన్నారు. ఉద్యోగం రాకపోయి ఉంటే, ఆ మాట చెప్పాల్సి వస్తుంది కదండీ ఆ అమ్మాయికి అన్నారు.

శనివారం పొద్దున నేను దిగేసరికి ఆయన పార్కింగ్‌లో బకెట్ బోర్లించి దాని మీద కూర్చుని ఉన్నారు. ఎవరి కారూ ముట్టలేదు. ఎదురుగా కావ్యశ్రీ కరోలా, ఏ లోపమూ లేకుండా నిలబడి ఉంది. ఆయన దాన్ని, ఏడేళ్ళ కిందట ఇంకో కారుని చూసినట్టే చూస్తున్నారని నాకు అనిపించింది.

9ఏ తలుపు తెరుచుకుంది. కావ్యశ్రీ చెప్పులు వేసుకుని దిగి, నేరుగా ఆయన దగ్గరికి వచ్చి నిలబడింది.

"అంకుల్, ఎడమది కొంచెం మసకగ ఉంది," అంది.

ఆయన లేచారు. కారు దగ్గరికి వెళ్ళి గొంతుక్కూర్చుని, హెడ్‌లైట్ మీద బొటనవేలు ఆనించారు. నేనూ వంగి చూశాను. అది ఎంత తేటగా ఉందంటే, అందులో మేము ముగ్గురం చిన్నగా, వంపు తిరిగి, వెనక ఏప్రిల్ ఆకాశంతో సహా కనిపించాం. ఆమె మొహం నవ్వాపుకోవడం కూడా కనిపించింది. ధనమ్మ గారు వారం మధ్యలో పప్పు ఇవ్వడానికి 9ఏకి వెళ్ళారని నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఆవిడకి తలుపు కొట్టడానికి సాకు అక్కర్లేదు.

"నిన్న సాయంత్రం ఆఫర్ వచ్చింది అంకుల్," అంది కావ్యశ్రీ. "బుధవారం జాయినింగ్. అక్కడ్నే ఉండాలె. శనివారాలు ఖాళీనే ఉంట."

ఆయన చాలాసేపు బొటనవేలు తియ్యలేదు. హారిస్‌బర్గ్ నూట యాభై మైళ్ళు. తర్వాత తల పైకెత్తి, నేను ఎరిగిన మూడేళ్ళలో మొదటిసారి, ఎదుటి మనిషి మొహంలోకి సూటిగా చూశారు.

"అవునమ్మా. మసకగానే ఉంది," అన్నారు. "ఇది ఒక్క రోజులో తేలే పని కాదు. వచ్చే శనివారం తీసుకురా."

చెవులు ఎర్రగా వెలిగిపోతున్నాయి.

సందు దొరికింది కదా అని, మరి నాది అన్నాను.

"మీది తేమ చూసి చెయ్యాలండీ," అన్నారు.

పైనుంచి ధనమ్మ గారు అట్లు ఎంతమందికి పొయ్యాలని అడిగారు. ఆయన కాగితాలు గిన్నెలో వేస్తూ నలుగురికి అన్నారు. మళ్ళీ పైకి చూసి, "వచ్చే శనివారానికి కూడా పప్పు నానబెట్టు," అన్నారు.